అత్తలందరూ మంచమెక్కిన రోజు

మా అత్తను మిల్లులో అందరూ రేడియో అనేవారు. ఆ పేరు వినగానే వాగుడుకాయ అనుకుంటారు గానీ, పనిచేసిన అన్నేళ్ళలో ఆవిడ గొంతు విన్నవాళ్ళు తక్కువ. మరమగ్గాల షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా టకటకలాడుతుంటే పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చప్పుడు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారు. మాట కాస్త సాగదీయాలి, కనుబొమలు కలపాలి, ఎదుటి మనిషి మూతి మీంచి చూపు తిప్పకూడదు. షెడ్డు ఈ కొసన ఒకరికి పెళ్ళి కుదిరితే ఆ కొసకి కబురు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కన్నా ముందు చేరేది. చేరవేసేది మా అత్త.

నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదంతా నాకెవరూ చెప్పలేదు. మా అత్త వాకిట్లో నిలబడేది, ఎదురింటి మేడ మీద మా చిన్నత్త నిలబడేది. ఇద్దరి పెదాలూ గంటలకొద్దీ కదిలేవి, ఒక్క మాట వినపడదు. మధ్య మధ్యలో ఇద్దరూ నావైపు చూసి నవ్వేవారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నా మీద చాడీలే అని తేల్చుకుని, పంతం పట్టి, వాళ్ళ మూతులు చూసి చూసి ఆ విద్య పట్టేశాను. పట్టాక తెలిసింది, నిజంగానే నా మీదే. కూరలో ఉప్పు వెయ్యడం నాకు మా పుట్టింట్లో నేర్పలేదట. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, చప్పుడు లేకుండా, "రేపట్నుంచి మీరే వండుకోండి" అన్నాను. మా అత్త చేతిలో చెంబు జారిపోయింది. చిన్నత్త మేడ మీద పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి మా ముగ్గురికీ బాగా కుదిరింది.

చిన్నత్త అంటే మా మామగారి చెల్లెలు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా అత్తకు మాత్రం ఆవిడ మొగుడి కన్నా ఎక్కువే. పక్కపక్క మగ్గాల మీద ఇద్దరూ వయసంతా నిలబడే గడిపారు. తెగిన పోగు ముడివేయడానికి ఒకళ్ళు వంగితే రెండో మగ్గం ఇంకొకళ్ళు చూసుకునేవారు. మామగారు పోయినప్పుడు మా అత్త ఏడవలేదు, చిన్నత్త ఏడ్చింది. చిన్నత్త ఏడుస్తోందని చూశాక మా అత్త ఏడ్చింది. పని మానేశాక కూడా ఇద్దరూ మిల్లు వాళ్ళు కట్టించిన ఆ లైను ఇళ్ళలోనే, ఆ సందులోనే, ఎదురెదురుగా ఉండిపోయారు.

ఆ సందులోకి ఒకరోజు తెల్లచొక్కాతో, మెడలో తాడుకు వేలాడే గుర్తింపు కార్డుతో, మొహం నిండా నవ్వుతో ఒకతను వచ్చాడు. కొత్త రోడ్డు మీది అద్దాల ఆస్పత్రి తాలూకు మనిషి. పేరేమిటని ఎవరూ అడగలేదు. కనిపించిన ప్రతి ముసలావిడనీ "అత్తమ్మా, అత్తమ్మా" అంటూ తిరిగేవాడు కనుక మావాళ్ళే అతనికి అల్లుడు అని పేరు పెట్టారు. కుళాయి దగ్గర కుర్చీ వేసుకుని అందరికీ బీపీ చూశాడు. చేతిసంచులు పంచాడు. ఆ తరువాత అసలు సంగతి ఎత్తాడు.

"ఎన్నేళ్ళు నిలబడ్డారత్తమ్మా ఆ మగ్గాల ముందు? ఏనాడైనా పగటిపూట నడుం వాల్చారా? మీ మిల్లు బీమా కార్డుంది కదా, దానిమీద మా దగ్గర మూడ్రోజులు పడుకోండి. పరీక్షలన్నీ ఫ్రీ. చిల్లిగవ్వ కట్టక్కర్లేదు. ఏసీ, టీవీ, భోజనం మంచం దగ్గరికే వస్తుంది."

"ఫ్రీ అంటే ఫినాయిల్ కూడా తాగేట్టున్నారు" అన్నాడు మా ఆయన.

"నిన్ను తాగమన్నారా? నన్ను పడుకోమన్నారు. పడుకోనీరా" అంది మా అత్త.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవిడ జీవితంలో 'పడుకో' అని ఎవరూ అనలేదు. మిల్లులో మేస్త్రీ అనలేదు, ఇంట్లో మామగారు అనలేదు, చెప్పొద్దూ, నేనూ అనలేదు. సందులో ఆడవాళ్ళందరిదీ అదే కథ. అల్లుడు వాళ్ళకి మందు ఎర వేయలేదు, డబ్బు ఎర వేయలేదు, మంచం ఎర వేశాడు. వ్యాను ఎక్కేటప్పుడు పుట్టింటికి వెళ్తున్నట్టే ఎక్కారు.

తిరిగి వచ్చినప్పుడు మా అత్త బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"సెలైన్ పెట్టారా?" అని అడిగాను.

"పెట్టారే. సూది మాత్రం గుచ్చలేదు. గొట్టం చేతికి ప్లాస్టరేసి అంటించారు. నొప్పి లేకుండా పెట్టే కొత్త పద్ధతిట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంకా ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు. ఎవరైనా అడిగితే కడుపునొప్పి అనమన్నాడు. ఉత్తినే పడుకోబెట్టారని తెలిస్తే పాపం అతని ఉద్యోగం పోతుందట. మీ చిన్నత్తకైతే ఆకుపచ్చ గౌనేసి, నెత్తికి టోపీ పెట్టి, బల్లమీద పడుకోబెట్టి ఫొటో కూడా తీశారు. గోడ క్యాలెండర్లో వేస్తారట."

"డాక్టరులా ఉన్నానే ఆ ఫొటోలో" అంది చిన్నత్త మురిసిపోతూ.

"కార్డులేవి?"

"అల్లుడి దగ్గరే ఉన్నాయి. కొత్తవి మార్పించి తెస్తాడు. ఇంట్లో ఉన్నవన్నీ ఇచ్చేశాను, నీది తప్ప. నువ్వు బీరువా తాళం దాచావుగా."

నేను ఎగిరాను. వెళ్ళి తెచ్చుకోండి అన్నాను. నీకు ఎవరిమీదైనా అనుమానమే అని మా అత్త అంది. మాటా మాటా పెరిగింది. ఆ తరువాత నేను పనిచేసే బట్టల కొట్టులో పండగ బేరాల రద్దీ మొదలై ఆ సంగతి అక్కడే వదిలేశాను.

వానలు వెళ్ళి ఎండలు వచ్చాయి. ఒకరోజు పొద్దున కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి చిన్నత్త రెండుగా మడిచినట్టు వంగిపోయింది. కుడిపక్క డొక్క కింద పట్టుకుని లేవలేకపోయింది. కళ్ళు చూస్తే పచ్చగా ఉన్నాయి. ఆటోలో వేసుకుని పాత ఆస్పత్రికి పరిగెత్తాం. అక్కడి సర్జనుగారు పెద్దాయన, తక్కువ మాట్లాడే మనిషి. స్కాన్ చేయించి బొమ్మ మాకు చూపించారు. పిత్తాశయం నిండా రాళ్ళు, ఒకటి జారి గొట్టంలో ఇరుక్కుంది.

"ఆపరేషన్ చెయ్యాలి. మందులతో కొన్నాళ్ళు ఆపగలను గానీ ఎక్కువ ఆగకూడదు. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. కార్డుంటే కౌంటర్లో నంబరు చెప్పండి" అన్నారు.

కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టింది. తెర వైపు చూసింది. మళ్ళీ కొట్టింది.

"ఈవిడకి పిత్తాశయం లేదండీ" అంది.

"లేకపోవడమేంటి?"

"పోయిన వానాకాలంలోనే అద్దాల ఆస్పత్రిలో తీసేశారు. ఇదిగో, ఆపరేషన్ బల్లమీద ఫొటో కూడా ఉంది. కార్డు మీద ఈ ఏటికి వచ్చేదంతా దానికే అయిపోయింది."

తెర మీద చిన్నత్త ఆకుపచ్చ గౌనులో, టోపీ పెట్టుకుని, హాయిగా నవ్వుతోంది. సర్జనుగారు వచ్చి చూశారు. "ఇప్పుడే స్కాన్‌లో చూశాను దాన్ని. కోసేస్తే మళ్ళీ పెరగడానికి అదేమన్నా గోరా?" అని కసిరి, తనే బీమా కంపెనీకి ఫోన్ చేశారు. అవతలివాళ్ళు ఆయన మాట నమ్మారు, నమ్మాక ఇంకా కొంప మునిగింది. పిత్తాశయం ఉంటే ఆ ఆపరేషన్ దొంగది. ఫొటోకి నవ్వుతూ పడుకున్నది ఈవిడే కనుక, ఆస్పత్రితో కలిసి ఈవిడా మోసం చేసినట్టే. కార్డు వాడినప్పుడల్లా ఫోనుకి కబురు వస్తుంది కదా, ఎందుకు ఊరుకున్నారని అడిగారు. ఆ కబురు వెళ్ళే నంబరు చూస్తే చిన్నత్తది కాదు. అల్లుడు కార్డుతో పాటు నంబరు కూడా మార్చేశాడు. విచారణ పూర్తయ్యేదాకా కార్డు ఆపేస్తున్నాం అన్నారు.

చిన్నత్త బల్లమీద కూర్చుని అంతా వింది. మా అత్త వైపు తిరిగి పెదాలు కదిపింది. "వదినా, నేను దొంగనా?"

ఆ మాట నేనూ చదివాను. చదవకపోయినా బాగుండేదనిపించింది. మా అత్త తల వంచుకుంది, మళ్ళీ వెంటనే ఎత్తింది. ఆ మొహం నేను అంతకు ముందు చూడలేదు. "కోడలా, నీ కోపం బయటికి తియ్యి. ఇప్పుడు పనికొస్తుంది" అంది.

మర్నాడు ఇద్దరం బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. దొంగ బిల్లులు పట్టుకునే పని చూసేది ఒక డాక్టరమ్మ. మేం వెళ్ళేసరికి కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, అదే కళ్ళజోడు కోసం బల్ల సొరుగులన్నీ వెతుకుతోంది. మా అత్త చెప్పింది. ఆవిడ కళ్ళజోడు దించుకుని మా మాటంతా విసుక్కోకుండా వింది.

"ఆ ఆస్పత్రి మీద నాకూ అనుమానం ఉందండీ. కానీ వెళ్ళిన ప్రతిసారీ ప్రతి మంచం మీదా మనిషి ఉంటారు. ప్రతి మనిషీ కడుపునొప్పి అంటారు. మంచం పక్కన ఆస్పత్రి మనిషి నిలబడే ఉంటాడు, ఒక్క క్షణం కదలడు. వాడి ముందు నిజం చెప్పమంటే ఎవరు చెప్తారు?"

"మేం చెప్తాం. వాడి ముందే చెప్తాం. వాడికి వినపడదు" అంది మా అత్త.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మా అత్త నన్ను గదిలోనే ఉంచి, తను వరండా చివరిదాకా నడిచి, అద్దం తలుపు అవతల నిలబడింది. పెదాలు కదిలించింది. నేను గట్టిగా చదివాను: "మీ బల్లమీద టిఫిను డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు, చీమలు పడతాయి. మీ జాకెట్టు భుజం దగ్గర కుట్టు వదిలింది. మీరు నిన్న సరిగ్గా నిద్రపోలేదు." డాక్టరమ్మ మొదట భుజం చూసుకుంది, తరువాత డబ్బా మూత నొక్కింది, ఆ తరువాత నవ్వింది. "ఏ రోజు వెళ్దాం?" అని అడిగింది.

అసలు కష్టం సందులో మొదలైంది. తక్కిన ఆడవాళ్ళంతా వణికిపోయారు. కడుపునొప్పి లేకుండా ఉందని చెప్పింది మేమే కదా, మమ్మల్నే జైల్లో వేస్తారు, తేలుకుట్టిన దొంగల్లా ఊరుకుందాం అన్నారు. అందరికన్నా గట్టిగా అడ్డం తిరిగింది పొడుగక్క. షెడ్డులో మా అత్త ఎదుటి వరస మగ్గం ఆవిడది. మా అత్త బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. లాభం లేకపోయింది.

ఇంతలో అల్లుడు మళ్ళీ సందులోకి దిగాడు. మంచాలు నింపుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ ఉండేదే. కుళాయి దగ్గర కుర్చీ వేసుకుని, పొడుగక్క చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొడుతూ కబుర్లు చెబుతున్నాడు. చుట్టూ ఆడవాళ్ళు. మందులిప్పించి ఇంటికి తెచ్చుకున్న చిన్నత్త నొప్పితో లేవలేక ఎదురుగా గుమ్మంలో చాప మీద పడుకుని ఉంది. అల్లుడు అటు చూశాడు.

"ఆ అత్తమ్మకేమైంది?"

"ఏదో అరగలేదులే బాబూ" అంది మా అత్త పైకి. ఆ వెంటనే అతని నెత్తి మీదుగా పొడుగక్కతో పెదాలు కలిపింది. "చూడు. దాని పచ్చకళ్ళు చూసి కూడా వీడికి ఏమీ అనిపించలేదు. రేపు నీకు వస్తుంది, నీదీ ఏదో ఒకటి తీసేశామని రాసే ఉంటాడు."

పొడుగక్క చిన్నత్త వైపు చూసింది. అల్లుడి బుర్ర మీదుగానే పెదాలు కదిపింది. "వీడి ఇంటికి నిప్పెట్టా. ఏం చెయ్యాలో చెప్పు."

"బీపీ కాస్త పెరిగిందత్తమ్మా" అన్నాడు అల్లుడు.

"పెరగదూ మరి" అంది పొడుగక్క.

అతను వీళ్ళంతా ముసలితనంతో మూతులు ఆడించుకుంటున్నారనే అనుకున్నాడు. వీళ్ళు అతని చుట్టూ నిలబడి, అతను పంచిన సంచులు చేతికి తగిలించుకుని, అతని కొంపకే ఎసరు పెడుతున్నారు. కుర్చీ మడిచి లేచేసరికి సందు సందంతా ఒక్క మాట మీదికి వచ్చింది. అందరూ ఎంతో ఇష్టంగా పేర్లు చెప్పారు. అల్లుడు మురిసిపోయాడు. చిన్నత్తను పాత ఆస్పత్రిలో చేర్చి, తక్కినవాళ్ళంతా ఆ వారమే వ్యాను ఎక్కారు.

ఆ రోజు డాక్టరమ్మ వెంట ఇద్దరు మనుషులు వచ్చారు, నేను మూడో మనిషిని. అల్లుడు గుర్తుపట్టకుండా మూతికి మాస్కు, చేతిలో ఒక ఖాళీ ఫైలు. లోపల భయంగానే ఉంది గానీ మాస్కు ఉండటంతో ధైర్యంగా ఉన్నట్టే కనిపించాను. వార్డు పొడుగ్గా ఉంది. రెండువైపులా మంచాలు, మధ్యలో పెద్ద స్తంభం, అటు చివర అల్లుడి అద్దాల గది. ప్రతి మంచం మీదా మా సందు మనిషి గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఉంది. ప్రతి మంచం పక్కనా ఆస్పత్రి మనిషి కాపలా ఉన్నాడు.

"ఏం ఇబ్బంది అమ్మా?" అని డాక్టరమ్మ మొదటి మంచం దగ్గర అడిగింది.

"కడుపునొప్పండీ."

రెండో మంచం, "కడుపునొప్పండీ." మూడో మంచం, అదే రాగం. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు అందరూ ఒకే రాగంలో చెబుతుంటే, తనూ మాస్కు పెట్టుకున్న అల్లుడు తృప్తిగా తల ఊపుతున్నాడు. అతను ఒక మంచం వైపు తిరిగినప్పుడల్లా వెనక మంచం పెదాలు కదిలేవి. "ప్లాస్టర్ ఎత్తమను, సూది లేదు." నేను దగ్గినట్టు చేసి డాక్టరమ్మ చెవిలో వేశాను. ఆవిడ ప్లాస్టర్ ఎత్తింది. చర్మం శుభ్రంగా ఉంది, గుచ్చిన గాటు లేదు.

"సూది మార్చడానికి ఇప్పుడే తీశామండీ" అన్నాడు అల్లుడు తడుముకోకుండా.

"ఈవిడకి మందులేం ఇస్తున్నారు?"

"ఇవ్వాళ్టి నుంచే మొదలండీ."

ఏది అడిగినా అతని దగ్గర జవాబు ఉంది. మంచం తరువాత మంచం దాటుతున్నాం, డాక్టరమ్మ మొహం వాడుతోంది. ఇంతమందిని లేవదీసుకు వచ్చి ఏమీ పట్టుకోకుండా వెళ్తే వీళ్ళ గతేంటి, అక్కడ పచ్చకళ్ళతో పడుకున్న ఆవిడ గతేంటి అని ఒకటే ఆలోచన. ఆ గొడవలో అల్లుడు "ఒక్క నిమిషం మేడమ్" అని గబగబా అద్దాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఫోన్ తీశాడు. చాలామందికి ఉన్న జబ్బే అతనికీ ఉంది. ఫోన్ చెవికి పెట్టగానే మాస్కు గడ్డం కిందికి లాగేశాడు.

ఆ గదికి ఎదురుగా ఉన్నది మా అత్త మంచం ఒక్కటే. నేను ఈ చివర ఉన్నాను, స్తంభం అడ్డం, ఆవిడ నాకు కనపడదు. కానీ చూస్తుండగానే వార్డులో ఒక కదలిక పుట్టింది. స్తంభం పక్క నుంచి కనిపిస్తున్న పొడుగక్క తల మా అత్త మంచం వైపు తిరిగింది, ఆవిడ పెదాలు కదిలాయి, ఎదుటి వరసలో ఇంకొకరు అందుకున్నారు. కాపలా మనుషులు మంచాల పక్కన విగ్రహాల్లా నిలబడే ఉన్నారు. వాళ్ళ మోచేతుల కిందుగా, నడుముల వెనకగా కబురు మంచం నుంచి మంచానికి దూకుతూ నా దాకా వచ్చింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"కార్డులన్నీ సంచిలో వేసి, వెనక మెట్ల మీంచి అంబులెన్సులో పెట్టమంటున్నాడు."

నేను చెవిలో చెప్పేసరికి డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తన ఇద్దరు మనుషులకు కంటితో సైగ చేసింది. వాళ్ళు టీ తాగడానికి వెళ్తున్నట్టు నింపాదిగా బయటికి నడిచారు. అల్లుడు నవ్వుతూ గదిలోంచి వచ్చాడు. "ఇంకేం చూస్తారు మేడమ్? కాఫీ తాగుదాం రండి" అన్నాడు. ఆ కాఫీ వచ్చేలోపు సంచి వచ్చింది. మోసుకొస్తున్నది డాక్టరమ్మ మనుషులు, వాళ్ళ వెనక అంబులెన్సు డ్రైవరు తల వేలాడేసుకుని నడుస్తున్నాడు.

సంచి మంచం మీద గుమ్మరించారు. మా సందు కార్డులు, పక్క సందులవి, మేం ఎన్నడూ చూడని మొహాలవి. డాక్టరమ్మ ఒక్కొక్కటే తన చేతిలోని పరికరంలో కొట్టి చూస్తోంది. ఒక కార్డు దగ్గర ఆగింది.

"ఈయనెవరు? రెండు మోకాళ్ళకీ ఆపరేషన్. పోయిన నెల."

కార్డు మీద మా మామగారి ఫొటో ఉంది.

మా అత్త లేచింది. చేతికున్న ప్లాస్టర్ చర్రుమని పీకింది. మంచం దిగలేదు, మంచం మీదే నిలబడింది. మగ్గాల మోతలో నోరు మూసుకుని బతికిన ఆ మనిషి గొంతు అంత ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"నా మొగుడు పోయి ఏళ్ళయిందిరా! మోకాళ్ళు బాగుచేసి ఎక్కడికి నడిపించావురా ఆయన్ని?"

"అత్తమ్మా, అది కంప్యూటర్లో పొరపాటు..."

"ఎవడికిరా అత్తమ్మ? నీకు పిల్లనిచ్చానా?"

వార్డంతా ప్లాస్టర్లు ఊడిన చప్పుడు. దుప్పట్లు కింద పడ్డాయి. కడుపునొప్పులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పొడుగక్క తన సెలైన్ సీసా స్టాండుతో సహా పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది, అల్లుడు ఎటూ పోలేకపోయాడు. ఒకరి తరువాత ఒకరు డాక్టరమ్మకు చెప్పారు: మాకు జబ్బు లేదు, మందు ఇవ్వలేదు, నొప్పని మేం అబద్ధం చెప్పాం, చెప్పమన్నది ఇతను. ఈసారి పెదాలతో కాదు, గొంతెత్తి, అందరూ ఒకేసారి. మిల్లు వాళ్ళందరికీ చెవులు కాస్త మొద్దు కనుక అరుపులే అన్నీ. నేను మాస్కు తీసేసి నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను కూడా.

"మమ్మల్ని జైల్లో వేస్తారా?" అని అడిగింది పొడుగక్క చివరికి.

"సాక్షుల్ని జైల్లో ఎవరు వేస్తారమ్మా?" అంది డాక్టరమ్మ. అక్కడే నిలబడి పాత ఆస్పత్రికి ఫోన్ చేసింది. "సర్జనుగారూ, ఆవిడ కార్డు తెరిచాను. ఆవిడ తప్పేం లేదు. మొదలుపెట్టండి" అంది. ఆ చివరి మాటలు మా అత్త వినలేదు, అల్లుడిని తిట్టే పనిలో ఉంది. నేను వెళ్ళి భుజం పట్టి తిప్పి చెప్పాను. తిట్టడం ఆపి, అదే మంచం మీద కూలబడిపోయింది. ఆ మంచం మీద ఆవిడ నిజంగా సేదతీరింది ఆ కాసేపే.

అల్లుడిని, అతని పైవాళ్ళని పోలీసులు తీసుకుపోయారు. అద్దాల ఆస్పత్రికి తాళం పడింది. అదంతా పేపర్లో వచ్చింది, మా పేర్లు రాలేదు. రాకపోవడమే మంచిదన్నాడు మా ఆయన. నాకు మాత్రం కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున చిన్నత్తను లోపలికి తీసుకెళ్ళారు. ఈసారీ ఆకుపచ్చ గౌనే, నెత్తికి టోపీయే, ఫొటో మాత్రం ఎవరూ తీయలేదు. సందు ఆడవాళ్ళంతా పాత ఆస్పత్రి వరండాలో కూర్చున్నారు. అక్కడి రోగుల బంధువులు ఎవరీ గుంపని ఆరా తీసి, చుట్టూ చేరారు. మా అత్త ఊరుకుంటుందా! "కార్డు చేతిలోంచి వదలకండి. మీ ఫోన్ నంబరే ఉందో లేదో చూసుకోండి. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అడగండి, అడిగితే ఎవరూ కొట్టరు. అన్నిటికన్నా ముందు, నొప్పి లేకుండా నొప్పి అనకండి" అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఒకాయన వెంటనే జేబు తడుముకుని కార్డు ఉందో లేదో చూసుకున్నాడు.

తలుపు తెరుచుకుని సర్జనుగారు బయటికి వచ్చారు. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వుతున్నారు. చేతిలో చిన్న గాజుసీసా ఉంది, దాన్నిండా గోధుమరంగు రాళ్ళు. మా అత్త ఆ సీసా అందుకుని కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది. అందరి చేతులూ మారింది. సాయంత్రానికి చిన్నత్తకు బాగా తెలివి వచ్చాక మంచం దగ్గర పెట్టాం. ఆవిడ కళ్ళు ఇంకా కాస్త పచ్చగానే ఉన్నాయి. సీసా అటూ ఇటూ తిప్పి చూసింది.

"భద్రంగా దాచు వదినా. మళ్ళీ ఎవడైనా ముందే తీసేశామంటే చూపిద్దాం" అంది, గొంతు పెగల్చుకుని, అందరికీ వినపడేలా.